ఇంటిపేరు లేని సిలువ

రంగమ్మ సిలువ మీద ఇంటిపేరు రాయనివ్వనిది సాంసన్. అది తప్పు. పదకొండేళ్లయినా తప్పే.

స్టీఫెన్ పుణెలో గోడలకు రంగులు వేస్తున్న రోజుల్లో భార్య రంగమ్మ పోయింది. ఎండాకాలం శవం ఆగదని తమ్ముడు సాంసన్ పూడ్పించాడు. మర్నాడు స్టీఫెన్ వచ్చి చూస్తే, నల్ల సిలువ మీద తెల్లగా 'రంగమ్మ' అని ఒక్క మాటే ఉంది. ఎందుకని అడిగితే, "నాకే ఇష్టం లేకుండె" అన్నాడు సాంసన్. కుంచె పట్టినవాడికి ఇంకో మాట చేర్చడం నిమిషం పని. అయినా స్టీఫెన్ చేర్చలేదు. తప్పు చేసినవాడే దిద్దాలి. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

పదకొండేళ్ల తర్వాత ఒక పొద్దున, కొత్తకోట హైవే పక్కన షెడ్డులో స్టీఫెన్ లారీ వెనక తలుపు మీద నెమలిని వేస్తున్నాడు. అరవై ఎనిమిదేళ్ల నడుము వంగడం లేదు. మోకాళ్ల మీద కూర్చుని తోకలోని కన్నులు ఒక్కొక్కటే దిద్దాడు. గోళ్ల సందుల్లో నీలం ఎంత తోమినా పోదు. పనయ్యాక మూలన 'మోర్టిమర్' అని సంతకం పెట్టాడు.

డ్రైవర్ నాగేశ్ టీ తాగుతూ చూశాడు. "గిదేం పేరు తాతా? నా బండికి కొత్త కంపెనీ అంటగట్టినవా ఏంది?"

"మా ఇంటిపేరు. దొరలది."

"దొరవైతే అంగీకి గుండీలేవి?"

స్టీఫెన్ నవ్వలేదు. అందరికీ చెప్పేదే అతనికీ చెప్పాడు. సముద్రాల అవతల నార్మండీ అనే సీమలో ఆ పేరుతో ఒక ఊరుంది. ఆ ఊరి దొరలు వెయ్యేళ్ల కింద ఇంగ్లండును గెలిచినవాళ్లతో ఓడలు దాటి వెళ్లి అక్కడ కోటలు కట్టుకున్నారు. ఆ పేరున్న పాదిరి ఒకడు గద్వాల వైపు వచ్చాడు. కరువులో తన డోలీ మోసిన స్టీఫెన్ ముత్తాతకు గంజి పోసి, బాప్తిస్మమిచ్చి, పేరు కూడా ఇచ్చాడు. నిలిచిపోయిన నీళ్లని ఆ ఊరి పేరుకు అర్థమట. అది మాత్రం స్టీఫెన్ ఎవరికీ చెప్పడు.

రంగమ్మకు పెళ్లయిన నాటి నుంచి ఇదే కథ. కూరలో ఉప్పెక్కువైనా ఆమె పుట్టింటి పేరెత్తి, "ముంతలోళ్ల బిడ్డవు, మోర్టిమర్ల ఇంట్ల ఎట్ల వండాల్నో నీకేం తెలుస్తది?" అనేవాడు. ఆమె ఇంకో ముద్ద పెట్టి ఊరుకునేది.

మధ్యాహ్నం సాంసన్ కూతురు పావని వచ్చింది. చేతిలో కొత్త సిలువ. నలుపు ఇంకా ఆరలేదు.

"పెద్దనాయినా, నాయిన పొద్దుగాల పోయిండు. నాలుగింటికి తీస్తరు. జర పేరు రాయి."

స్టీఫెన్ కుంచె కడిగి, తెల్లరంగు డబ్బా మూత తీశాడు.

"ఇంటిపేరుతోనే రాస్త. రంగమ్మకు చేసినదానికి అదే జవాబు."

"వద్దన్నది నాయిన గాదు. పెద్దమ్మ."

కుంచె ఆగింది.

"దవాఖానల పక్కకు నేనే ఉంటి. 'బతికినన్నాళ్లు ఆ పేరు మోసిన, సాంసనూ, సచ్చినంక నా మీద పెట్టకు' అన్నది. 'వదినను తిట్టుకునుడెందుకు, అన్న నన్నే తిట్టుకోని' అని నాయిన నీకు గట్ల చెప్పిండు. నన్ను గూడ చెప్పనియ్యలే. ఇగ దాచి ఏం జేస్త?"

నాగేశ్ లారీ తీసుకుని వెళ్లిపోయాడు. దుమ్ము అణిగింది. స్టీఫెన్ సిలువను ఒళ్లో పెట్టుకుని 'సాంసన్' అని ఒక్క మాటే రాశాడు. డబ్బా మూత పెట్టేశాడు.

సమాధుల తోటలో కొత్త సిలువను రంగమ్మ సిలువ పక్కనే పాతారు. పాస్టరు ప్రార్థన ముగించాడు. జనం వెళ్లిపోయారు. పావని దగ్గరికొచ్చింది.

"పెద్దమ్మ మీద కోపమొచ్చిందా, పెద్దనాయినా?"

"ఆ ముచ్చట ఇగ నా ముందట తియ్యకు. నేను గూడ తియ్య. సచ్చేదాక."

అని చెప్పులు వేసుకుని రోడ్డెక్కాడు. తడిమట్టి పక్కన, పెట్టెను గుంటలోకి దించిన తాడు ఎవరూ చుట్టక అలాగే పడి ఉంది.