ఘోషా కారు

ఈ రోజు కారు లారీ ఎక్కుతుంది. అది ఎక్కేలోగా వెనుక సీటులోంచి మా అక్క దిగాలి. చిన్నపిల్లగా ఎక్కింది, ఇప్పుడు ఆమె గొంతులో నెరిసిన వెంట్రుకలు వినబడతాయి.

కారు మా బెల్లం గోదాములో ఉంటుంది. అనకాపల్లిలో ఇంత పొడవైన కారు మరొకటి లేదు. దంతపు రంగు, వెండి పిడులు, వెనుక అద్దాలన్నిటికీ ఆకుపచ్చ పట్టుతెరలు. ఘోషా పాటించే రాణిగారి కోసం, ఏ పరాయి మగవాడి చూపూ లోపలికి చేరకుండా, అలా చేయించి ఓడలో తెప్పించారట. చీమలు బెల్లం వదిలి ఆ తెరల దాకా పాకుతాయి. అక్కడ ఆగి, వెనుదిరిగి పోతాయి.

అక్క ముఖం నేను మరిచిపోయాను. ఒక్కసారి చూడాలి. నా కోరిక అంతే.

కొనడానికి మండవ శేషగిరి గారు హైదరాబాదు నుంచి వచ్చారు. పాత కార్లు సేకరించడం ఆయన వ్యసనం. బానెట్టుకు చెవి ఆనించి, నాడి చూసే వైద్యుడిలా కళ్ళు మూస్తారు.

"చరిత్ర చెప్పండి బాబూ. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి? చరిత్ర తెలియని కారూ, గోత్రం తెలియని పెళ్ళికొడుకూ ఒకటే."

నేను నోరు తెరిచేలోగా లోపలి నుంచి గొంతు వస్తుంది. అది రాణిగారిది.

"మొదట మాది. రాజావారు అమ్మేసి, మమ్మల్ని దిగమన్నారు. తెర పట్టే దాసీలు అప్పటికే వెళ్ళిపోయారు. తెర లేకుండా మేమెలా దిగుతాం?"

"తరవాత మాది," అంటుంది రెండో గొంతు. జనపనార మిల్లు యజమాని భార్యది. "దిగమని బతిమాలడానికి నేనే ఎక్కాను. పెద్దావిడ కూర్చునుండగా ముందు నేను దిగితే ఏం మర్యాద? ఇంతలో మావారు కారుని వీళ్ళ తాతకి అమ్మేశారు. నన్ను పిలవడం మరిచిపోయారు."

"ఆ పైన నేను," అంటుంది అక్క. "ఎవరున్నారో చూద్దామని ఎక్కాను. చూస్తే ఇద్దరు పెద్దవాళ్ళు. ఇప్పుడెలా దిగుతాన్రా తమ్ముడూ?"

శేషగిరి గారు చేతులు రుద్దుకుంటారు. "ఆహా, అన్నీ అసలువే! ఆ ఇద్దరినీ మాత్రం కదిలించకండి. అసలు సామాను మారితే కారుకి విలువుండదు. మీ అక్కగారు తరవాత చేరినవారు. కావాలంటే ఆవిణ్ణి విప్పి తీసుకోండి."

"విప్పడానికి నేనేమైనా స్టెప్నీనా?" అంటుంది అక్క.

నాకు నవ్వు రాదు. కోపమూ రాదు. పెద్దవాళ్ళు దిగితే తప్ప అక్క దిగదని మాత్రం తెలుస్తుంది.

"రాణిగారూ, మీరు దిగుతారా?"

లోపల గాజులు సర్దుకున్న చప్పుడు.

"దిగమన్నవాళ్ళే గాని, దిగుతారా అని అడిగినవాళ్ళు లేరు," అంటారావిడ. "తెర పట్టించు."

"గోనెపట్టాలే ఉన్నాయండి."

"చూపు దూరకపోతే చాలు."

గోదాములో మూటలు మోసే కలాసీలను పిలుస్తాను. వాళ్ళ మేస్త్రి పైడయ్య తల గోక్కుంటాడు. "బెల్లం దిమ్మలు మొయ్యమంటే మోస్తాం బాబూ. మరేద మొయ్యాలంటే, అదెంత బరువుంటాదేటి?" అంటూనే పట్టాలు కలిపి కుట్టిస్తాడు. కారు తలుపుకు అటూ ఇటూ రెండు గోనె గోడలు లేస్తాయి. పట్టుకున్నవాళ్ళు ముఖాలు బయటికి తిప్పుకుంటారు. నేనూ తిప్పుకుంటాను. అక్క ఒక్కతే అయితే చూడవచ్చు. కాని అక్క ముందు రాణిగారున్నారు.

తలుపు తెరుచుకుంటుంది. గోనె అంచు కింద ముందు పారాణి పాదాలు, వాటి వెనుక మెట్టెల పాదాలు, చివర దుమ్ము ఎరుగని పాదాలు.

"ఏం పని చేశారండీ!" అని శేషగిరి గారు ఖాళీ సీటు తడిమి చూస్తారు. "ఇంకా వెచ్చగానే ఉంది." ఎక్కి కూర్చుంటారు, తెర లాక్కుంటారు. "ఇక్కడ చాలా బాగుందండోయ్. ఎవరైనా అడిగేదాకా నేను దిగను." లారీ కారును ఎక్కించుకుంటుంది, ఆయనతో సహా.

మా ఇల్లు వీధికి అవతల ఉంది.

"అక్కా, ఇదే మన గుమ్మం."

"పెద్దావిడ ఆగలేదురా."

"మా గుమ్మం ఇది కాదు," అంటారు రాణిగారు, నడుస్తూనే.

కలాసీలు వెనుక పట్టాలు విప్పి ముందుకు పరుగెత్తుతారు. తెర నడుస్తుంది. దారి పొడవునా ఇళ్ళు మర్యాదగా వెనుదిరుగుతాయి. వీధి వైపు ఇప్పుడు పెరళ్ళు, ఆరేసిన బట్టలు, బావి గిలకలు. కొండలు కూడా తిరుగుతాయి, వాటికి కొంచెం ఆలస్యమవుతుంది. ఊరు అయిపోతుంది. సరుగుడు తోటలు అయిపోతాయి. కలాసీలు ఒక్కొక్కరే ఆగిపోతారు. ఇసుక మొదలైన చోట పైడయ్య తన కొసను నా చేతికిస్తాడు.

"ముందు ఏముందక్కా?"

"నీళ్ళు."

"వెనక్కి రావూ?"

"అందరం వెనక్కి తిరిగితే నేనే ముందవుతాను. పెద్దవాళ్ళకి ముందు నడవనా?"

ఆమె చెప్పింది సరైనదే. గోనె అంచు కింద పారాణి తడుస్తుంది, మెట్టెలు తడుస్తాయి, ఆ తరవాత అక్క పాదాలు.

సముద్రం మర్యాద తెలిసినది. అదీ మెల్లగా అటు తిరుగుతుంది. దాని వీపును ఇంతవరకు ఎవరూ చూడలేదు. అది పొడిగా, వెడల్పుగా ఉంది. దాని నడుమ నుంచి ఒక జడ, ఇసుక మీదుగా, నా కాళ్ళ దాకా వస్తుంది. నేను గోనెను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో జడ కొస అందుకుంటాను. అది బిగుస్తుంది. అవతల, చాలా ఎత్తున, అక్కదో సముద్రానిదో, ఒక తల ఇటు తిరగడం మొదలుపెడుతుంది.