దర్జీకి నత్తి లేదు

రికార్డింగులో మాట్లాడే ముసలి దర్జీకి నత్తి ఉందని చిన్నకోడలు మూడు రోజులుగా నమ్ముతోంది.

ఆయన తన కుట్టుపని గురించి చెబుతుంటాడు. విన్నది విన్నట్టు టైపు చేసి పంపాలి. "ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీసేయకూడదు" అని సూపర్‌వైజరమ్మ ఫోన్లో మరీ మరీ చెప్పింది. ఇది పరీక్ష. నెగ్గితే ఇంట్లోనే ఉద్యోగం, తొమ్మిది నెలల పాపను ఎవరి చేతిలోనూ పెట్టి వెళ్లక్కర్లేదు. పదో తరగతి మధ్యలో ఆగిపోయిన చదువుకి ఇంతకంటే ఏం దొరుకుతుంది? అందుకే ఒళ్లంతా చెవులు చేసుకుని వింది. "సూ సూ సూదిలో దా దారం" అని వినిపిస్తే అలాగే కొట్టి పంపింది. పాప లేచేస్తుందన్న హడావుడిలో వెనక్కి తిప్పి రెండోసారి విన్న పాపాన పోలేదు.

పొద్దున్నే సూపర్‌వైజరమ్మ నుంచి ఫోనొచ్చింది.

"ఏమ్మా, పెద్దాయన్ని ఇలా వెక్కిరించావేంటి? ఆయనకి నత్తి లేదే! నాలుగింటిలోగా సరిచేసి పంపు. లేదంటే వేరేవాళ్లకి ఇచ్చేస్తాను."

 నిద్రలేక తన చెవులకే ఏదో అయిందనుకుంది. మొగుడితో అంటే "నీకెందుకొచ్చిన తిప్పలు" అంటాడు. కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేసే పెద్దాడపడుచుకి ఫోన్ చేసి, ఏడుపు దిగమింగుకుంటూ సంగతంతా చెప్పింది. మధ్యాహ్నం భోజనం వేళకి ఆవిడ సంచీ తగిలించుకుని వచ్చింది.

"ఏదీ, మీ దర్జీని పిలువు. నత్తి వదలగొడదాం," అంది చెప్పులు విప్పుతూనే.

"నవ్వకు వదినా. నా చెవులు పాడయ్యాయేమో."

"మా తమ్ముడి గురకకే పాడవని చెవులు ఇప్పుడెందుకు పాడవుతాయే?"

వదిన రికార్డింగులోని ఒకే వాక్యాన్ని మూడుసార్లు పెట్టి వినిపించింది. మొదటిసారి 'సూది' దగ్గర తడబడింది. రెండోసారి సూది బాగానే వచ్చి 'దారం' దగ్గర ఆగింది. మూడోసారి ఇంకెక్కడో.

"చూశావా? నత్తి ఆయనదైతే ప్రతిసారీ ఒకేచోట రావాలి. ఇది చోట్లు మారుస్తోంది. ఆయనదీ కాదు, నీదీ కాదు. మెషీనుది."

ఇయర్‌ఫోన్లు మార్చింది. అదే గోల. అప్పుడు కంప్యూటరు పక్కన గుచ్చి ఉన్న గోరంత పిన్ను ఆవిడ కంటబడింది.

"ఇదేంటి?"

"వైఫై అందుకునే నెట్ పిన్ను. కంప్యూటర్ని పాప గదిలోకి మార్చాక సిగ్నల్ సరిగ్గా అందట్లేదు, అందుకని పెట్టాను."

"మరి కంప్యూటర్‌లోనే ఉన్న వైఫై ఆపావా?"

"ఎందుకాపడం? ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని రెండూ ఆన్‌లోనే ఉంచాను."

వదిన తలకొట్టుకుని నెట్ మొత్తం ఆపేసింది. ఫైలు కంప్యూటర్లోనే ఉంది కాబట్టి దర్జీ గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు. పిన్ను ఒక్కటే పెట్టింది, మాట్లాడాడు. లోపలిది ఒక్కటే పెట్టింది, మాట్లాడాడు. రెండూ కలిపేసరికి మళ్లీ "దా దా దా".

"రెండూ మెషీన్ని చెరోవైపూ లాగుతున్నాయి. ఒకదానికి పలికేలోపు రెండోది పిలుస్తుంది. ఆ సందులో మాట తెగి, పాత ముక్కే మళ్లీ పలుకుతోంది."

"పాలు పొంగుతుంటే పాప ఏడ్చి, అప్పుడే బెల్లు కూడా మోగినట్టా?"

"అంతే! ఆ గోలలో నువ్వైనా మాట పూర్తిచేస్తావా?"

లోపలి వైఫై ఆపేసి, బాగా అందే పిన్ను ఒక్కటీ ఉంచింది. షాపుకి ఆలస్యమైనా సరే అని పాపను చంకనేసుకుంది. చిన్నకోడలు మొదట్నుంచీ వింటూ, తడబాట్లన్నీ ఏరిపారేసి, నాలుగుకి పది నిమిషాలుండగా పంపింది.

సూపర్‌వైజరమ్మ ఫోన్ మోగగానే ఎత్తింది.

"ఇప్పుడు అచ్చం ఆయన మాట్లాడినట్టే ఉంది. మొదట ఎందుకలా కొట్టావమ్మా?"

"మెషీన్‌లో తేడా ఉందండి. నాకలాగే వినిపించింది. విన్నది విన్నట్టు కొట్టమన్నారు కదండీ."

 అవతలినుంచి నవ్వు వినిపించింది.

"వినకుండానే ఊహించి రాసేసేవాళ్లతో వేగలేక చస్తున్నాను. నత్తిని కూడా వదలకుండా కొట్టినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను. సోమవారం నుంచి ఫైళ్లు పంపుతాను, చేసుకో."

ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుంది. మనసు దూదిలా తేలిపోతోంది.

"పొద్దున్నించి ఏమైనా తిన్నావా?" అంది వదిన.

లేదని అప్పుడు గుర్తొచ్చింది. కంచం ముందేసుకుని, పాప జుట్టు పీకుతున్నా పట్టించుకోకుండా, రెండుసార్లు వడ్డించుకుని తింది.