పగటిపూట వేసిన తలుపు

మా వీధిలో పగటిపూట తలుపు వేసి ఉందంటే ఆ ఇంట్లోవాళ్ళు ఊరికైనా వెళ్ళి ఉండాలి, ఎవరితోనైనా తగువైనా పడి ఉండాలి. పొద్దున్నే తీసిన తలుపు మళ్ళీ పడుకోబోయే ముందే వేస్తాం. ఈలోపు ఎవరొచ్చి కరివేపాకు రెబ్బ తుంచుకుపోతారో, ఎవరు మజ్జిగ తాగిపోతారో పట్టించుకునేదెవరు? అలాంటి వీధిలో ఒక పిల్లి కోసం నేను తలుపు వేసుకున్నాను. వేసుకుని, ముప్పయ్యేళ్ళుగా తోడున్న ఎదురింటి కరీమున్‌ను పోగొట్టుకున్నంత పని చేశాను.

ఆ పిల్లి మా అమ్మాయి తేజశ్రీది. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. శిక్షణకని ఆరు నెలలు చెన్నై వెళ్ళమన్నారు. అక్కడి హాస్టల్లో పిల్లుల్ని రానివ్వరట. అందుకని దాన్ని బుట్టలో పెట్టుకుని పర్చూరు దగ్గర మా ఊరికి తెచ్చింది. మూత తీస్తే ఏముంది! మీగడ రంగు ఒళ్ళు, మసి పూసినట్టున్న మూతి, చెవులు, తోక. మెడ చుట్టూ జూలు. ఆ నీలం కళ్ళు చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది, కాదనను.

"ఎలకల్ని పడుతుందా?" అన్నాడు మా ఆయన బుల్లయ్య.

"పట్టదు నాన్నా."

"మరెందుకే ఇది?"

అమ్మాయి దాన్ని ఎత్తి నా చేతుల్లో పెట్టింది. పెట్టిందో లేదో, తల అటు, కాళ్ళు ఇటు వేలాడేసి తడిబట్టలా వాలిపోయింది. నేను కెవ్వుమన్నాను.

"కంగారుపడకమ్మా. రాగ్‌డాల్ అంటారు ఈ జాతిని. అంటే గుడ్డబొమ్మ. ఎత్తుకుంటే ఒళ్ళంతా అలా వదిలేస్తుంది. మనమంటే నమ్మకమన్నమాట," అని నవ్వింది. వెంటనే గొంతు తగ్గించింది. "కానీ దీనికి భయమంటే తెలీదు. కుక్క మీదికొచ్చినా కూర్చుని చూస్తుంది. తలుపు తీసి ఉంచకమ్మా. దీనికేమన్నా అయితే నేను తట్టుకోలేను."

ఏనాడూ అలాంటి మాట అనని పిల్ల. చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాను.

దాని పేరు కోకోనట. నేను మాత్రం దొరసాని అన్నాను. దొరసానికి రెండు రోజులకోసారి తల దువ్వినట్టు ఒళ్ళంతా దువ్వాలి. చంకల కింద, పొట్ట దగ్గర బొచ్చు చిక్కుపడితే తోలు లాగి నొప్పెడుతుంది, అయినా కిక్కురుమనదు. మా గేదెకి గడ్డి కాస్త ఆలస్యమైతే ఊరు ఊరంతా వినపడేలా అరుస్తుంది. అరవని జీవాన్ని సాకడం ఎంత కష్టమో నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. మనమే కనిపెట్టుకుని ఉండాలి. పైగా మిరపకాయల రోజులు. కళ్ళంలో తాలుకాయలు ఏరొచ్చిన చేతులతో ముట్టుకుంటే ఆ ఘాటు దాని బొచ్చుకి అంటుకుంటుంది. ఒళ్ళు నాక్కుంటే ఇంకేమన్నా ఉందా! అందుకని చేతులకి నూనె పట్టించి, సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని అప్పుడు దువ్వెన పట్టేదాన్ని.

"నాకేనాడన్నా ఇంత సేవ చేశావుటే?" అన్నాడు మా ఆయన.

"నీకేం ఖర్మ, నువ్వు అరుస్తావుగా," అన్నాను.

నేను వంటింట్లోకి వెళితే వంటింట్లోకి, పెరటి గుమ్మం దగ్గరికి వెళితే అక్కడికి, వెనకాలే వచ్చి కూలబడేది. నోరు తెరిచి చెప్పాలంటే సిగ్గుగానే ఉంది గానీ, దాని మీద నాకు ప్రాణం పెరిగిపోయింది.

కరీమున్ బట్టలు కుడుతుంది. నేను కాపురానికొచ్చిన ఏడే తనూ వచ్చింది. తేజశ్రీ మొదటి పరికిణీ తన చేత్తో కుట్టిందే. నాకు టైఫాయిడ్ వస్తే నా ఇల్లు నెల్లాళ్ళు తనే నడిపింది. ఏనాడూ బయట నిలబడి పిలిచి ఎరగదు. "వదినా!" అన్న కేక, మనిషి ఒక్కసారే లోపలికొస్తాయి.

పిల్లి వచ్చిన మర్నాడు తనొచ్చేసరికి తలుపు వేసి ఉంది. తట్టింది. నేను సందు మాత్రం తీసి, కాలు అడ్డం పెట్టి, "తొందరగా రా, తొందరగా! పిల్లి బయటికి పోతుంది," అన్నాను. తను అర్థంకాక అక్కడే నిలబడింది. ఈలోపు దొరసాని నా కాళ్ళ సందులోంచి దూరబోయింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఈసారి వచ్చేముందు ఒక ఫోనన్నా చెయ్యవే!" అనేశాను.

కరీమున్ మొహం మాడిపోయింది. "కూతురికి బ్యాంకు ఉద్యోగం వచ్చాక ఇంటికి తలుపులు కూడా వచ్చాయన్నమాట," అని గిరుక్కున వెనక్కి తిరిగింది.

పోతే పో, అనుకున్నాను. నా నోటి దురుసు ఊరందరికీ తెలుసు, తనకి తెలీదా? రేపటికి తనే వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. నేనూ వెళ్ళలేదు. ఏటా పండుమిరప పచ్చడి ఇద్దరం కలిసి తొక్కేవాళ్ళం, కళ్ళ నీళ్ళు కారుతుంటే ఊళ్ళోవాళ్ళందరినీ ఆడిపోసుకుంటూ. ఈ ఏడు ఒక్కదాన్నే రోట్లో వేసుకుని తొక్కాను. ఉప్పెక్కువైంది. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ మంటెత్తించింది. తగ్గితే నా సొమ్మేం పోయేది? ఏమీ పోయేది కాదు. అయినా తగ్గలేదు.

ఒక మధ్యాహ్నం కూలీలు మిరపకాయల బస్తాలు ఇంట్లోకి మోస్తున్నారు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. దొరసానిని గదిలో పెట్టి గడియ వేశాననే అనుకున్నాను. బస్తాలన్నీ దించి వాళ్ళు వెళ్ళాక చూస్తే గది తలుపు ఓరగా ఉంది, పిల్లి లేదు. మంచం కింద లేదు, బస్తాల వెనక లేదు, పెరట్లో లేదు. వీధి చివర కుక్కలు మొరుగుతున్నాయి. తేజశ్రీకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలో పడ్డాను. ఇంటింటికీ వెళ్ళి అడిగాను. ఎదురింట్లో మాత్రం అడగలేదు. ప్రాణం పోతున్నా అడగలేదంటే నాది ఎంత పొగరో చూడండి.

అప్పుడొచ్చింది కరీమున్, వీధి చివర నుంచి. జుట్టు ముడి ఊడిపోయి ఉంది, చంకలో బట్టలు కొలిచే కర్ర, రెండు చేతుల మీదా దొరసాని. దాని తల వేలాడుతోంది.

"వదినా! రెండు కుక్కలు మీదికొస్తుంటే ఇది కదలకుండా చూస్తూ కూర్చుంది వదినా! కర్రతో వాటిని తరిమి ఎత్తుకున్నాను. ఎత్తుకోగానే ఇలా వాలిపోయింది. యా అల్లా, గుండాగిపోయినట్టుంది! తేజూకేం చెబుదాం?" అని భోరుమంది.

దగ్గరికి వెళ్ళి చూశాను. దొరసాని నీలం కళ్ళు తెరిచి నన్ను చూసి తీరిగ్గా రెప్ప వేసింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి తన్నుకొచ్చాయి.

"అది చావలేదే! దాని పద్ధతే అంత. నమ్మితే అలా ఒళ్ళు వదిలేస్తుంది."

కరీమున్ ముక్కు ఎగబీల్చి దాని వంక అనుమానంగా చూసింది. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. "ఆనాడు తలుపు సందులోంచి తప్ప నన్నెప్పుడన్నా చూసిందా ఇది?"

"లేదు."

"చూడకుండానే ఇంత నమ్మకమా?"

"దాని పుట్టుకే అంతటే."

తను పిల్లిని నిమిరింది. తర్వాత తల ఎత్తకుండానే, "నువ్వు ముప్పయ్యేళ్ళు చూశావు వదినా," అంది.

ఊళ్ళో నా నోటికి ఎదురులేదంటారు. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది. చూస్తే చూడనీ అనుకున్నాను.

"తప్పు నాదేనే," అన్నాను. మా ఆయనతో కూడా ఈ జన్మలో అనని మాట అది. అన్నాక ఏడుపు ఆగలేదు.

కరీమున్ ఓదార్చలేదు. పిల్లిని భుజం మీదికి సర్దుకుని, నన్ను దాటుకుని, నా ఇంట్లోకి నడిచింది. నేను కొంగుతో మొహం తుడుచుకుంటూ ఇంకా గుమ్మంలోనే ఉన్నాను. లోపల్నుంచి తన కేక వినిపించింది.

"అక్కడేం చేస్తున్నావ్? తలుపెయ్యి వదినా, పిల్లి బయటికి పోతుంది!"