మీసం లేని మనిషి

ఆ మధ్యాహ్నం రేణిగుంట మీద విరుచుకుపడ్డ గాలివాన, అప్పుడే పైకి లేచిన హైదరాబాదు విమానాన్ని పొలాల్లో కూలదోసింది. అందులో జ్ఞానాంబ మొగుడు చంద్రమౌళి ఉన్నాడు. చిత్తూరులో మామిడికాయల వ్యాపారి. ఆయన పేరు తెలియనివాళ్లకు కూడా ఆయన మీసం తెలుసు.

కూతురు నందితను వెంటబెట్టుకుని తిరుపతి ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చిన జ్ఞానాంబను గుమాస్తా ఆనవాళ్లు అడిగాడు.

"నెత్తి నిండా జుట్టు, ఇంత లావు మీసం" అంది ఆమె చేత్తో చూపిస్తూ.

"బతికినోళ్లలో పేరు తెలీనోళ్లు అయిదుగురుండారమ్మా. మీసముండేటోళ్లు ఒక్కరూ లేరే. అయినా పోయి సూడండి."

అయిదుగురివీ గుండ్లే. కొండకొచ్చి తిరిగి పోతున్న యాత్రికులు కాబోలు. మూడో మంచం మీద మొహం వాచిపోయి, దవడకూ, రెండు చేతులకూ కట్లున్న మనిషి మందు మత్తులో ఆమెనే చూస్తున్నాడు. జ్ఞానాంబకు జాలేసింది. జారిన దుప్పటి సర్ది, "ధైర్యంగా ఉండు నాయనా, నీ వాళ్లు వస్తార్లే" అని ముందుకు నడిచింది. ఆయన ఏదో మూలిగాడు. పాపం, నొప్పి అనుకుంది.

ఇక మిగిలింది శవాల గది. జ్ఞానాంబ ఆ వరసలో నిలబడింది. సెల్ టవర్లు పనిచేయక అంతవరకూ దొరకని తమ్ముడు అమర్‌నాథ్ అప్పుడు ఫోన్ చేశాడు. బతికినవాళ్లలో మీసమున్న మనిషే లేడని అతనికి చెప్పింది.

"మీసం యాడిదక్కా ఇంక? పొద్దన బావను కొండకు పిల్సకపోయింది నేనే గదా! నీ గుండె ఆపరేషన్ బాగా జరిగితే మీసంతో సహా తలనీలాలిస్తానని మొక్కుకోనుండాడు. నీకు చెప్పొద్దన్నాడు. హైదరాబాదు నించి తిరిగొచ్చి, నీ ముందర నిలబడి నవ్విస్తాడంట!"

ముప్పై ఏళ్లుగా ఆ మీసం కాస్త తగ్గించమని పోరుపెట్టినా వినని మొండి మనిషి! జ్ఞానాంబ వరస వదిలేసి పరుగెత్తింది. "మెల్లగామా, మెల్లగా" అంటూ నందిత వెనకే పడింది.

మూడో మంచం మీది మనిషికి కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

"ఏమయ్యా, సొంత మొగుణ్ణి గుర్తుపట్టలేని గుడ్డిదాన్ని చేస్తివే నన్ను!" అని తిట్టబోయి భోరుమంది. నున్నటి గుండు నిమిరింది. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

నర్సు కాగితం తీసుకుని దగ్గరకొచ్చింది. "ఈయన మీకేమవుతాడమ్మా?"

"నా మొగుడు" అంది జ్ఞానాంబ, వార్డంతా వినబడేలా.