బొమ్మకి బెల్టు పెట్టిన అమ్మ

కార్లని కావాలనే గోడకి గుద్దించి చూసే పరీక్ష షెడ్డు ఊడవడానికి చేరి ఏడు నెలలైనా, కారు గోడని గుద్దే వేళకి ఆమె బయటికి పోయి చెవులు మూసుకునేది. ఇంట్లో ఏడాదిన్నర పాప. తన చేతి పొరపాటు వల్ల పిల్లకేమైనా అవుతుందేమోనని, కన్ననాటి నుంచీ ఒకటే బెంగ.

అలాంటిది ఆ వేళ పెద్దాఫీసరు మేడమ్ ఆమెనే పిలిచింది.

"ఈ పిల్ల బొమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టి నువ్వే బెల్టు పెట్టాలి."

"నేనా! ఏడో క్లాసుతో మానేసినదాన్ని మేడమ్. బాబాయ్ లేడూ?"

బాబాయ్ అంటే బొమ్మల మేస్త్రి. వాటి కీళ్లు బిగించేదీ, ఎక్కడ తగిలిందో తెలియడానికి ముఖాలకి రంగు పూసేదీ ఆయనే. ఇరవయ్యేళ్లుగా బెల్టూ ఆయనే పెట్టేవాడు.

"ప్రభుత్వం కొత్త రూలు పెట్టిందమ్మాయ్. ఆ కారు ఎన్నడూ ముట్టుకోనివాళ్లే పెట్టాలట. నేను కళ్లు మూసుకుని పెట్టినా కార్లన్నీ పాసైపోతాయి మరి!" అన్నాడు బాబాయ్.

కారు కంపెనీ ఆయన పక్కన నిలబడి ముసిముసిగా నవ్వుతున్నాడు.

ఆమె బొమ్మని ఎత్తి చంకన వేసుకుంది. అచ్చం తన పిల్ల బరువే. పిల్లల సీట్లో కూర్చోబెట్టి, ఆ సీటు చుట్టూ కారు బెల్టు లాగి ఎర్ర లాకులోకి తోసింది. టక్ మంది. గుంజి చూసింది. మళ్లీ చూసింది. ఇంటి తలుపు గడియ కూడా మూడుసార్లు చూసుకునే మనిషి, మూడోసారీ గుంజింది.

ఈసారి ఆమెని అద్దం వెనకే నిలబెట్టారు. నడిపేవాళ్లు లేకుండా కారు దానంతటదే వచ్చింది. గుద్దింది. చెవులు మూసుకోవాలన్న సంగతే ఆమెకి గుర్తు రాలేదు. తెర మీద అదే నెమ్మదిగా మళ్లీ నడిచింది: అంత ఇనుమూ నలిగిన చీరలా ముడుచుకుపోతోంది, గాజు పెంకులు గాల్లోనే తీరిగ్గా తిరుగుతున్నాయి. పిల్ల సీటు పక్కకి ఒరిగింది. తల తలుపుకి తగిలి ఆకుపచ్చ రంగు అంటుకుంది.

"చంపేశాను," అంటూ ఆమె గోడకి జారగిలబడింది.

"చూశారా మేడమ్," కంపెనీ ఆయన అందుకున్నాడు. "పక్క సీటు లాకులో పెట్టింది. చదువు లేనివాళ్ల చేత చేయిస్తే ఇంతే."

నిజమే. రెండు లాకులూ పక్కపక్కనే ఉన్నాయి, రెండూ ఎర్రవే.

మేడమ్ ఆమె దగ్గరికొచ్చింది. "టక్ మందా?"

"అంది మేడమ్. మూడుసార్లు గుంజి చూశాను."

మేడమ్ ఆయన వైపు తిరిగింది. "విన్నారుగా? తల్లి ఇంకేం చెయ్యాలి?"

"కారుతో ఇచ్చే పుస్తకంలో నలభయ్యో పేజీలో రాశాం కదండీ..."

"పిల్ల చంకలో గుక్కపట్టి ఏడుస్తుంటే నలభయ్యో పేజీ మీ ఆవిడ తిప్పుతుందేమిటయ్యా?" అన్నాడు బాబాయ్.

"తప్పు లాకులో టక్ మనకూడదు. టక్ మన్నది మీ కారు," అంటూ మేడమ్ కాగితం మీద, భద్రతకిచ్చే అయిదు నక్షత్రాల్లో మూడు కొట్టేసింది. "లాకులు మార్చి తీసుకురండి."

ఆమె లేచి చుట్టూ చూసింది. ఈ గోడ, ఈ దీపాలు, కోట్ల కారు, ఇంతమంది చదువుకున్నవాళ్లు. ఇదంతా తనలాంటి దాని చేతులకి అనువుగా మారాలా!

కాసేపటికి కంపెనీ ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మా, చెయ్యి ఎటునుంచి పెట్టావో చూపిస్తావా?"

"ఇటునుంచి సార్." పగిలిన కిటికీలోంచి కాదని, తలుపు తెరిపించి మరీ వంగి చూపించింది.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని, మోచేతి నుంచి వేలి కొసదాకా ఆమె చేతికి టేపు పట్టాడు. కొలత తప్పుతుందేమోనని ఆమె ఊపిరి బిగబట్టి, కదలకుండా నిలబడింది.