గీత దాటిన చెయ్యి

నా దగ్గర మూడేళ్ళు రంపం మీద పనిచేసిన వాళ్ళలో ఒక్కడికి కూడా గోరు ఊడలేదు. ఈ మాట నేను గుమ్మలక్ష్మీపురం సంతలోనూ, కల్లుపాక దగ్గరా, ఆఖరికి పెళ్ళిపందిట్లో కూడా చెప్పుకుని తిరిగాను. విన్నవాళ్ళు విసుక్కునేవారు. విసుక్కోనీ, నాకేం! సముద్రం దాటి బర్మా వెళ్ళి, రంగంలో కర్రమిల్లులో ఏడేళ్ళు పనిచేసి వచ్చినవాణ్ణి నేను. అక్కడ సాయంత్రమయ్యేసరికి పొట్టుతోపాటు వేళ్ళు కూడా ఊడ్చి పారేసేవారు. అలాంటి చోటు నుంచి పది వేళ్ళతో తిరిగొచ్చానంటే పని తెలిసే వచ్చాను. నా గొప్ప కూడా నిజమే, ఒక్క మనిషిని వదిలేస్తే.

పార్వతీపురం అవతల రైలు రోడ్డు వేస్తున్న రోజులవి. రైలువాళ్ళ ఇళ్ళకి గుమ్మాలూ తలుపులూ కావాలి. సర్వేశ్వరరావుగారు కంట్రాక్టు పట్టి, కొండ కింద మిల్లు పెట్టి, నన్ను మేస్త్రీగా పిలిపించారు. నా పేరు యర్రయ్య. కలకత్తా నుంచి ఆవిరి ఇంజనూ, దాంతో నడిచే బ్యాండు రంపమూ ఎడ్లబళ్ళ మీద వచ్చాయి. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెంటినీ చుట్టి పళ్ళున్న ఉక్కు పట్టీ. మధ్యలో ఇనప బల్ల. బల్లమీద పలక పెట్టి తోస్తే పట్టీ పైనుంచి కిందికి పరిగెడుతూ కోసుకుపోతుంది. కొండ గుగ్గిలం కర్రంటే గొడ్డలికే లొంగదు. అది కూడా దీని ముందు గుమ్మడికాయలా తెగుతుంది. ఇక మనిషి చెయ్యి సంగతి చెప్పాలా?

పనివాళ్ళు కొండమీది జాతాపులు. ఇష్టపడి వచ్చినవాళ్ళు కారు. ఆ అడవిని రావుగారు వేలంలో పాడుకున్నారు. ఇంటికో మగమనిషిని మిల్లుకి పంపని ఊరిని వెదురు కొట్టుకోనివ్వరు, విస్తళ్ళకి అడ్డాకు కోసుకోనివ్వరు. అలా వచ్చినవాళ్ళకి నేను పని నేర్పాలి. వాళ్ళకి నా మాట సగం అర్థమయ్యేది కాదు, నాకు ఓపిక బొత్తిగా లేదు. అందుకని బెత్తం పట్టాను.

తలగుడ్డ విప్పి, చేతి కడియాలు తీసి గోడమేకుకి తగిలించి రావాలి. రంపానికి ఒక రేకు తొడుగు ఉండేది. అది పలకకి వేలెడు ఎత్తులో ఉండాలి. అంతకు మించి పళ్ళు బయటికి కనిపిస్తే బెత్తం. పట్టీకి కుడిపక్క ఎవడూ నిలబడకూడదు, తెగితే అటే ఎగిరిపడుతుంది. నిలబడితే బెత్తం. పట్టీ టిక్కు టిక్కు మందంటే ఎక్కడో బీట వచ్చిందన్నమాట, పలక వదిలేసి వెనక్కి దూకాలి. ఇంజను నుంచి తోలుపట్టా తప్పించేశాక కూడా చక్రాలు చప్పుడు లేకుండా చాలాసేపు తిరుగుతూనే ఉంటాయి. అవి పూర్తిగా నిలిచిపోకుండా బల్లమీద పొట్టు తుడిస్తే రెండు బెత్తాలు. అన్నిటికంటే ముఖ్యం గీత. పట్టీకి జానెడు ఇవతల, బల్లకి అడ్డంగా ఎర్రమట్టితో గీత గీశాను. చెయ్యి ఆ గీత దాటకూడదు. చివరి జానెడూ తోపుడుకర్రతోనే తొయ్యాలి. దాటితే వేళ్ళ కణుపుల మీద పడేది. మొదట్లో రంపం ఆపించాకే కొట్టేవాణ్ణి. రానురాను అంత తీరిక లేకపోయింది. రంపం తిరుగుతూండగానే కొట్టడం అలవాటైంది.

భీముడు వచ్చిన రోజే నా కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. పైన జీలుగులోవ వాళ్ళ ఊరు.

"మేస్త్రిబాబూ, నన్ను దుంగలు మోసీ పనిలో ఎయ్యండి. రంపం కాడ వద్దు."

"ఏటి, బయమా?"

"బయమే బాబూ. మా ఊరికి తొలి ఇత్తు ఏసీవోణ్ణి నేను. మా అయ్య ఏసేడు, మా తాత ఏసేడు. నా సెయ్యి ఏసినంక గానీ ఊర్లో ఎవులూ సోళ్ళు సల్లరు. ఏలు తెగినోడు ఇత్తు ముట్టకూడదు బాబూ. ముడితే కొండదేవత పంట ఉంచదు."

"నీకు అన్నదమ్ములు లేరేటి?"

లేరన్నాడు. పిల్లలిద్దరూ ఆడపిల్లలే, వాళ్ళు వెయ్యకూడదట. ఊరికి ఆ ఒక్క ఇల్లు, ఆ ఇంటికి ఆ ఒక్క మగచెయ్యి. ఆ చేతికి ఏమైనా అయితే ఊరంతా విత్తనం చేత్తో పట్టుకుని కూచోవాలి.

జాలిపడ్డానా? లేదు. నాకు సంబరమేసింది. వేళ్ళంటే ఇంత ప్రాణం పెట్టుకున్నవాడి కంటే రంపానికి మంచి మనిషి ఎక్కడ దొరుకుతాడు? "రంపం కాడ నిలబడీవోడివి నువ్వేరా" అన్నాను. వాడు కాళ్ళు పట్టుకున్నాడు. నేను విదిలించుకుని, కడియాలు తీసి మేకుకి తగిలించమన్నాను.

నా అంచనా తప్పలేదు. వాడిలా రంపం నడిపినవాణ్ణి రంగంలో కూడా చూడలేదు. పొద్దున్నే పట్టీ చుట్టూ చూపుతోనే వెతికి పళ్ళు సరిచూసుకునేవాడు. గీత అరిగితే తనే ఎర్రమట్టి తడిపి దిద్దేవాడు. పలక చివరికొచ్చేసరికి ఎడమచెయ్యి వెనక్కి తీసి, కుడిచేత్తో తోపుడుకర్ర అందుకుని, ఊపిరి బిగబట్టి తోసేవాడు. రెండేళ్ళలో వాడికి రెండే రెండుసార్లు బెత్తం తగిలింది. ఆ రెండూ కూడా నా కోపం కొద్దీ కొట్టినవే.

వాడి పెళ్ళాం కనక నెలకోసారి చోడిపిండి, అదే రాగిపిండి, మూటకట్టి తెచ్చేది. ముందు మొగుడి చేతులు తిరగేసి చూసేది, తర్వాతే మొహం చూసేది. చూశాక నా వైపు తిరిగి దండం పెట్టేది. వేళ్ళన్నీ ఉంచినందుకు నాకు దండం! నేను కూడా ఏదో నా చలవే అన్నట్టు తలూపేవాణ్ణి.

మూడో ఏడు వైశాఖంలో రైలుదొర మిల్లు చూడ్డానికి వచ్చాడు. జీలుగులోవలో విత్తనం వేసే రోజుకి ఇంకో ఎనిమిది రోజులుంది. భీముడు అప్పటికే సెలవు అడిగి ఉన్నాడు. రావుగారు దొరకి ఏం గొప్పలు చెప్పారో గానీ, దొర జేబులోంచి గడియారం తీసి పట్టుకుని నిలబడ్డాడు, ఒక పలకకి ఎంతసేపు పడుతుందో చూస్తానని.

భీముడు ఎప్పటిలాగే తోశాడు. చివరికొచ్చాడు. కర్ర అందుకున్నాడు.

"ఆ కర్ర ఏమిటయ్యా యర్రయ్యా, ముసలమ్మ నడకలాగ! దొరగారు చూస్తున్నారు. చేత్తో తోసెయ్యమను" అన్నారు రావుగారు.

కాదనాల్సింది. రంగంలో అయితే ఎంతటివాడితోనైనా వాదించేవాణ్ణని ఇప్పటికీ నలుగురిలో అంటూంటాను. అబద్ధం, అక్కడా వాదించలేదు. వెళ్ళి భీముడి చేతిలో తోపుడుకర్ర లాక్కున్నాను.

"సేత్తో తొయ్యి. బేగి."

వాడికి అర్థం కాలేదు. "గీత, బాబూ" అన్నాడు.

"తొయ్యమన్నానా!"

మొదటి పలక తోశాడు. రెండోది తోశాడు. వాడి మెడ మీద చెమట కారుతోంది. దొర గడియారం చూసి బాగుందన్నట్టు నవ్వాడు. నేను కూడా దొర మొహమే చూస్తున్నాను, నా వైపు ఒక్కసారి చూస్తాడేమోనని. చూడలేదు. మళ్ళీ బల్ల వైపు తిరిగేసరికి భీముడి కుడిచెయ్యి గీతకి నాలుగు వేళ్ళు అవతల ఉంది.

దాటమన్నది నేనే. ఆ సంగతి నా బుర్రకి తెలుసు, నా చేతికి తెలీదు. గీత దాటిన చెయ్యి కనబడితే బెత్తం పడడమే మూడేళ్ళుగా దానికి తెలిసింది. పడింది, గట్టిగా పడింది. ఒంటి బరువంతా పలక మీద వేసి తోస్తున్నవాడి కణుపుల మీద దెబ్బ పడితే చెయ్యి వెనక్కి రాదు. పలక మీద జారి ముందుకి పోతుంది.

చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు. మూడూ బల్లమీద పొట్టులో పడ్డాయి.

ఇంజను దగ్గరవాడు గబగబా పట్టా తప్పించాడు. భీముడు కుడిచెయ్యి గుండెకి అదుముకుని, ఎడమచెయ్యి సగం చాపి, అలాగే నిలబడిపోయాడు. ఎందుకు నిలబడ్డాడో నాకు కాసేపటి దాకా తెలియలేదు. చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి. అవి పూర్తిగా ఆగిందాకా ఆగి, అప్పుడు ఒంగి, పొట్టులోంచి తన వేళ్ళు ఏరుకున్నాడు. అంత బాగా నేర్పాను నేను.

దొర మొహం తిప్పుకుని ఏదో అడిగాడు. రావుగారు దాన్ని తెలుగులో నా మీదికి తోశారు. "ఎవరి తప్పు?"

"గీత దాటేడండి" అన్నాను.

"ఏరా, దాటేవా?"

భీముడు నా వైపు చూడలేదు, బల్ల వైపు చూశాడు. "దాటేను బాబూ" అన్నాడు. భయపడి అనలేదు. చెయ్యి గీత దాటిన మాట నిజం కాబట్టి అన్నాడు. నా మీద ఒక్క మాట, ఒక్క తిట్టు అని ఉంటే నేను ఇంత కుళ్ళిపోయేవాణ్ణి కాదు.

కనక వచ్చి పసుపూ ఆకుపసరూ కట్టి కొండమీదికి తీసుకుపోయింది. ఆ రోజు నాకు దండం పెట్టలేదు. విత్తనం రోజు వచ్చింది, పోయింది. వాన పడింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ చల్లుకున్నాయి. జీలుగులోవ పోడు మాత్రం కాల్చిన బూడిదతోనే తడిసి ఊరుకుంది.

పుండు మానీ మానకుండానే భీముడు మిల్లుకి తిరిగొచ్చాడు. రాక తప్పదు. ఇంటికో మనిషి రావాలి, ఆ ఇంటికి వాడే మనిషి. రంపానికి పనికిరాడు, దుంగలకీ పనికిరాడు, ఏం చెయ్యమంటారని రావుగారిని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి మురిసిపోయారు.

"గేటు దగ్గర కూచోబెట్టు. కొత్తగా వచ్చిన వాళ్ళందరికీ ఆ చెయ్యి చూపించమను. నీ బెత్తం కంటే బాగా పనిచేస్తుంది."

అలాగే చేశాను. అది కూడా నేనే నేర్పాను. కొత్తవాళ్ళని వరసగా నిలబెట్టి నేను గీత సంగతి చెప్పాలి. "సెయ్యెత్తరా" అనాలి. వాడు లేచి, అందరికీ కనబడేలా కుడిచెయ్యి పైకెత్తి, "గీత దాటేను" అనాలి. నేను దించమనేదాకా దించకూడదు. రెండుమూడు రోజుల్లో నేర్చేసుకున్నాడు. ఏ పని చెప్పినా బాగా నేర్చుకునేవాడు కదా.

ఆషాఢం వచ్చేసింది. ఇంక ఆగితే చోళ్ళు పండవు. జీలుగులోవ పెద్ద సోమన్న ఏ నాడూ లేని పని చేశాడు. కొండ దిగి, పొరుగూరి తొలివిత్తు మనిషిని బతిమాలి, తమ ఊరికి విత్తు వెయ్యడానికి తీసుకుపోతున్నాడు. విత్తనం మాత్రం పాత ఇంటిదే ఉండాలట, దాన్ని తీసుకెళ్ళి చూపించే ఆ మనిషిని పిలవాలట. అందుకని చోళ్ళ బుట్ట భీముడి ఇంటిది. దాన్ని నెత్తిన పెట్టుకుని కనక ఆ పరాయి మనిషి వెనకాల నడుస్తోంది. వాళ్ళ వెనక ఊరివాళ్ళు పదిమంది ఉన్నారు. దారి మిల్లు గేటు ముందునుంచే.

ఆ పొద్దున్న మూడూళ్ళ నుంచి కొత్తవాళ్ళు పదిహేనుమంది వచ్చి గేటు లోపల నిలబడి ఉన్నారు. రావుగారు కుర్చీ వేయించుకుని కూచున్నారు.

భీముడు దూరం నుంచే వాళ్ళని చూశాడు. కుడిచెయ్యి చంకలో దాచుకుని గోడ వైపు తిరిగి కూచున్నాడు.

"ఏమయ్యా, వాడు అటు తిరిగాడేం?" అన్నారు రావుగారు.

ఒంట్లో బాగోలేదండి అంటే సరిపోయేది. ఇంజను చూసి రావాలండి అన్నా ఆ కాస్త సేపూ గడిచేది. నా నోరు అలాంటివి పలకలేదు.

"ఒరే భీముడూ, లెగు. సెయ్యెత్తు."

వాడు తిరిగి నా కళ్ళలోకి చూశాడు. అలా చూడడం అదే మొదటిసారి. "ఆళ్ళెల్లిపోయినంక ఎత్తుతాను బాబూ. రవ్వంత సేపు" అన్నాడు చిన్నగా.

"ఎత్తమన్నానా!"

లేచాడు. ఎత్తాడు. నేను నేర్పినట్టే మోచెయ్యి వంచకుండా, బాగా పైకి. "గీత దాటేను" అన్నాడు, అదీ నేర్పినంత గట్టిగానే. కొత్తవాళ్ళు ఆ చెయ్యి చూశారు. రోడ్డుమీద జీలుగులోవ వాళ్ళూ ఆగి చూశారు. పరాయి ఊరి మనిషి తన చెయ్యి పంచె మడతలో దాచుకున్నాడు. కనకవి రెండు చేతులూ బుట్టకే ఉన్నాయి, కళ్ళు కప్పుకుందామన్నా మొహం తిప్పుకుందామన్నా విత్తనం ఒలికిపోతుంది. మెడ నిలువుగా పెట్టుకుని మొగుణ్ణి చూస్తూ నిలబడింది.

"పదండి, పొద్దెక్కిపోతంది" అన్నాడు సోమన్న.

వాళ్ళు కదిలారు. మలుపు దగ్గర కనక నెత్తిమీది బుట్ట కాసేపు కనబడి, అదీ పోయింది. రావుగారు కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్ళారు. కొత్తవాళ్ళు కడియాలు తీస్తున్నారు. భీముడు చెయ్యి ఎత్తుకునే ఉన్నాడు. దించమని నేను చెప్పలేదు.