మెట్లు దిగిన సాక్ష్యం

వాకీటాకీ మునిస్వామి చెవి మీద పడిన చప్పుడు కింద రెండో బేస్‌మెంట్ దాకా వినబడిందంటే నమ్మండి. హైటెక్ సిటీలో ఒక ఐటీ పార్కు అది. అక్కడ గేటు దగ్గర కాపలా కాసే బక్కపల్చటి మనిషి మునిస్వామి. వాడు చేసిన నేరమల్లా స్టిక్కర్ లేని కారును ఆపడం. కారులో ఉన్నది అక్కడ ఆరంతస్తులు కిరాయికి తీసుకున్న కంపెనీ పెద్దమనిషి. ఆయన ఒక్క ఫోన్ కొట్టాడు. సెక్యూరిటీ కంపెనీలో ఆపరేషన్స్ మేనేజర్ యశ్వంత్ ఊగిపోతూ దిగొచ్చాడు. చెవి మీద ఒకటి, పడిపోయాక డొక్కలో బూటుకాలితో నాలుగు. మళ్లీ వాకీటాకీ ఎత్తేసరికి హెడ్ గార్డు ఇశ్రాయేలు పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. చాలు సార్, చచ్చిపోతాడు అన్నాడు.

చుట్టూ ఇంకో నలుగురు గార్డులున్నారు, చెట్టంత మనుషులు. పోలీసులొచ్చి అడిగితే నలుగురూ అటు తిరిగి ఉన్నామన్నారు. కెమెరా సరిగ్గా ఆ రోజే పాడైందట. కెమెరాలకు అవసరం చూసుకునే రోగమొస్తుంది, తెలిసిందేగా. ఇక మిగిలింది ఇశ్రాయేలు ఒక్కడి మాట. వచ్చే సోమవారానికి పార్కు వాళ్లు విచారణ పెట్టారు. అక్కడ ఇశ్రాయేలు నోరు విప్పితే యశ్వంత్ కటకటాల్లోకి, సెక్యూరిటీ కంపెనీ కాంట్రాక్టు గంగలోకి.

శనివారం యశ్వంత్ ఆ కంపెనీ హెచ్‌ఆర్ మేనేజర్ కిరణ్ పాల్ గదిలోకొచ్చి తలుపు వేశాడు. వేళ్ల కణుపుల మీద దోక్కుపోయిన చర్మం ఇంకా మానలేదు.

"ఇశ్రాయేలు మీ చర్చి మనిషే గదా కిరణ్. వాని గురించి ఏమన్న ఉంటే జర చెప్పు. కాంట్రాక్టు పోతే నాలుగొందల మంది రోడ్డు మీద పడ్తరు. అండ్ల నువ్వు గూడ ఉంటవ్."

ఏమీ తెలియదని ఒక్క మాట అంటే పోయేది. కిరణ్ పాల్ అనలేదు. చూస్తానన్నాడు. ఎందుకంటే చెప్పడానికి ఉంది, వాడికి తెలుసు. వాడికే కాదు, మదీనాగూడలో టైర్ల కొట్టు పైన ఉన్న ఆ మందిరంలో పిల్లా జెల్లా అందరికీ తెలుసు. ఏటా బాప్తిస్మం తీసుకున్న నెల తిరిగి వచ్చినప్పుడల్లా ఇశ్రాయేలు లేచి సాక్ష్యం చెబుతాడు, తన పాత పాపం సంఘం ముందు ఒప్పుకుంటాడు. ఇరవై రెండేళ్లుగా అదే సాక్ష్యం, అవే మాటలు. కిరణ్ పాల్ చిన్నప్పుడు వెనక బెంచీలో కూర్చుని ఆ మాటలకు పెదాలు కదిపేవాడు కూడా.

తీరా చూస్తే ఆ మర్నాడే ఆ ఆదివారం. ఇశ్రాయేలు తెల్లచొక్కా వేసుకుని లేచాడు. కిరణ్ పాల్ చొక్కా జేబులో ఫోన్ మీద రికార్డింగ్ నొక్కి పెట్టాడు. చెమటకు వేలు జారింది, మళ్లీ నొక్కాడు.

"సంఘానికి వందనాలు. నేను పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పని చేసేవాణ్ణి. సారాయి సీసా దగ్గర మాటా మాటా పెరిగి, పుల్లయ్య అనే నా తోటివాణ్ణి గునపంతో కొట్టాను. పడిపోయినా ఆపలేదు. దవడ విరిగిన చప్పుడు విన్నాను, ఇంకా కొట్టాలనిపించింది. వాడి కన్ను చెంప మీదికి వచ్చేసింది. ఊరి పెద్దలు కేసు లేకుండా సర్దేశారు. ఆ పాపిని నేనే."

భార్య దీనమ్మ పక్కనే తల వంచుకుని కూర్చుంది. ఎవరో ఆమెన్ అన్నారు. ఇశ్రాయేలు కుడిచెయ్యి ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఏటా అలాగే కూర్చుంటాడు.

బయట చెప్పులేసుకుంటుంటే ఇశ్రాయేలు భుజం మీద చెయ్యేసి, ఏం కిరణ్ బాబూ, చిక్కిపోయావు, అన్నం తింటున్నావా అని అడిగాడు. ఆదివారాలు వాళ్లిద్దరూ బాబాయి, అబ్బాయి. సోమవారం నుంచి శనివారం దాకా సారూ, ఇశ్రాయేలూ. తింటున్నాను బాబాయ్ అన్నాడు కిరణ్ పాల్. జేబులో ఫోన్ ఇంకా నడుస్తూనే ఉంది.

కొండాపూర్‌లో ఇంటికెళ్లాక భార్య సెలీనాకు చెప్పకుండా ఉండలేకపోయాడు. సెలీనా నర్సు. మునిస్వామి కర్ణభేరి చిరిగిందని, ఆ చెవి ఇక సరిగ్గా వినబడదని ఆస్పత్రి కాగితం చూసి కిరణ్ పాల్‌కు అర్థమయ్యేలా చెప్పింది ఆమే. ఫోన్‌లో ఆ గొంతు వినగానే ఆమె దాన్ని లాక్కుని ఆపేసింది.

"మందిరంలో చెప్పింది మెట్లు దిగకూడదండీ. దిగిందంటే రేపట్నుంచి ఎవరూ నోరు విప్పరు. లోపలే కుళ్లి చస్తారు."

కిరణ్ పాల్ గింజుకున్నాడు. నేనేమన్నా కల్పించానా, ఉన్నదేగా అన్నాడు. నాలుగొందల కుటుంబాలన్నాడు. గునపంతో మనిషి కన్ను తీసినవాడు ఇంకొకడు కొట్టాడని ఏ మొహంతో చెబుతాడన్నాడు. సెలీనా వెళ్లి గిన్నెలు తోముకుంది. తప్పు చేసేవాడికి కారణాలకేం కరువు? సాయంత్రం అయిదింటికి రికార్డింగ్ యశ్వంత్‌కు పంపేశాడు.

సోమవారం విచారణ గదిలో పార్కు తరఫున వాసంతి అనే పెద్దావిడ, ఆవిడ పక్కన ఇద్దరు. ఇశ్రాయేలు చూసింది చూసినట్టు చెప్పాడు. ఎన్ని దెబ్బలో, ఏ కాలితోనో, అన్నీ చెప్పాడు. చెవికి కట్టుతో గోడవారగా కూర్చున్న మునిస్వామి బాగున్న చెవి ఇటు తిప్పి వింటున్నాడు. అప్పుడు యశ్వంత్ ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కాడు. దవడ విరిగిన చప్పుడు విన్నాను, ఇంకా కొట్టాలనిపించింది, అంటోంది ఇశ్రాయేలు గొంతు.

ఇది మీరేనా అని అడిగింది వాసంతి. నేనేనండి అన్నాడు ఇశ్రాయేలు. మరి ఉద్యోగంలో చేరేటప్పుడు ఫారంలో పాత కొట్లాటలేవీ లేవని ఎందుకు రాశారంది. ఆ ఫారం నింపింది కిరణ్ పాలే. పదేళ్ల కిందట, అన్నీ తెలిసే, లేవని రాసేద్దాం బాబాయ్ అంటూ దగ్గరుండి సంతకం పెట్టించాడు. ఇశ్రాయేలు తల తిప్పి కిరణ్ పాల్‌ను ఒక్కసారి చూశాడు. ఇప్పుడు చెప్పేస్తాడు, అయిపోయాను అనుకున్నాడు కిరణ్ పాల్. ఇశ్రాయేలు మాత్రం తప్పయిందండి అని ఊరుకున్నాడు.

అరగంటలో తేలిపోయింది. అలాంటి మనిషి మాట పట్టుకుని ఒక అధికారిని శిక్షించలేమన్నారు. మునిస్వామి ర్యాంపు మీద జారిపడ్డాడని రాశారు. నిజం దాచినందుకు ఇశ్రాయేలును అక్కడికక్కడే పనిలోంచి తీసేశారు. యశ్వంత్ బయటికొచ్చి కిరణ్ పాల్ వీపు తట్టాడు, అదీ దోక్కుపోయిన ఆ చేత్తోనే.

మూడింటికి కిరణ్ పాల్ కారు తీద్దామని బేస్‌మెంట్‌లోకి దిగాడు. యూనిఫాం అప్పజెప్పి మామూలు చొక్కాలో స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు ఇశ్రాయేలు.

"నేను అబద్ధమేమీ చెప్పలేదు కదా బాబాయ్," అన్నాడు.

బాబాయ్ అనకుండా ఉండాల్సింది. మొదటి గుద్దు నోటి మీద పడింది. పళ్లు రెండు నాలుక మీదికొచ్చాయి. కాలర్ పట్టుకుని ఎత్తి స్తంభానికేసి కొడితే తల వెనక వెచ్చగా కారింది. ఇశ్రాయేలు ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే కొడుతున్నాడు.

"ఏటా నలుగురి ముందూ చెప్పుకుంటే, మళ్లీ ఏడాది దాకా ఈ చెయ్యి నా మాట వినేదిరా. ఇరవై రెండేళ్లు విన్నది. ఇంక నేనెక్కడ చెప్పుకోవాలి? చెప్పు, ఎక్కడ చెప్పుకోవాలి?"

చెప్పడానికి కిరణ్ పాల్‌కు నోరెక్కడుంది? కింద పడ్డాడు. డొక్కలో కాలు దిగింది. లోపల ఏదో విరిగింది, ఆ చప్పుడు వాడికీ వినబడింది. చెయ్యి చాపి ర్యాంపు పైన గేటు వైపు చూశాడు. ఆ నలుగురు గార్డులూ అక్కడే ఉన్నారు. అన్నా, ఆపండన్నా అన్నాడో, అన్నాననుకున్నాడో. ఒకడు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. అడ్డం వెళ్లినవాడికి ఏమైందో పొద్దున్నే చూశారు కదా. నలుగురూ అటు తిరిగారు.

కొట్టేవాడి చెయ్యి పట్టుకునేవాడు ఆ బేస్‌మెంట్ మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. వాడే ఇప్పుడు కిరణ్ పాల్ గుండెల మీద మోకాలు పెట్టి మళ్లీ చెయ్యెత్తాడు.